ఖరీదైన చేతివాచీలు: కొన్న ధర, అమ్మకపు ధర

నెల్లూరు: రొయ్యల పంట కలిసి వచ్చిన యేడు చేతిలో మిగిలిన అయిదారు లక్షలను స్విస్ వాచీలో పెట్టదలచిన వర్తకుడు ముందుగా తేల్చుకోవలసిన సంగతి ఒకటి వున్నది. పంట పోయిన యేడు ఆ వాచీని ఎవరు కొంటారు, ఎంతకు కొంటారు? 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచినపుడు రొయ్యల వ్యాపారానికి తగిలిన దెబ్బ తీరంలో అందరికీ తెలిసినదే. అటువంటి సమయంలో డబ్బు అవసరం ఒక్కరికే రాదు. ఒకే ప్రాంతం వారు ఒకేసారి అమ్మజూపితే ఏ సరుకైనా దిగవలసిందే.

బంగారమైతే తూకం, మచ్చు చూసి గంటలో సొమ్ము చేసుకోవచ్చు. నగ మీద బ్యాంకు అప్పు యిస్తుంది. పొదలకూరు మార్కెట్టులో నిమ్మకాయలకు ఏ పూట ధర ఆ పూట తెలిసిపోతుంది. రొయ్యకు కౌంటు వున్నది. వాచీకి ఇటువంటి బహిరంగ ధర ఏదీ లేదు. ఒకే మోడల్ వాచీలు రెండింటికి పెట్టె, కాగితాలు, గీతలను బట్టి వేరు వేరు ధరలు పలుకుతాయి. పాత ఖరీదైన వాచీలు కొనే డీలర్లు ప్రధానంగా చెన్నై, హైదరాబాదు, ముంబాయి వంటి నగరాలలో వున్నారు. ధాన్యానికి తేమ తరుగు తీసినట్లే వారు సర్వీసు ఖర్చుకు, తమ లాభానికి, సరుకు నిలిచిపోయే ప్రమాదానికి తరుగు తీస్తారు.

ఇక లెక్క చూద్దాం. దుకాణంలో 5 లక్షలకు కొన్న వాచీలో 18 శాతం జి.ఎస్.టి. కింద పోయినది రూ. 76,271. సొంతానికి కొన్నవాడికి ఇది తిరిగి రాదు. దానిపై కొత్త సరుకు అమ్మిన దుకాణం లాభం వున్నది, పాత సరుకు కొనే డీలరు లాభం వున్నది. అనగా వాచీ పెట్టెలోంచి తీయకముందే ధరలో పెద్ద భాగం కరిగినట్లే. ఈ నష్టాన్ని పూడ్చేది గిరాకీ ఒక్కటే.

ఆ గిరాకీ కొద్ది పేర్లకే పరిమితం. రోలెక్స్ స్టీలు మోడల్స్, పటెక్ ఫిలిప్ నాటిలస్, ఆడెమార్ పిగే రాయల్ ఓక్ వంటివి అడిగినన్ని దొరకవు గనుక పాతవాటికి ధర నిలుస్తుంది, కొన్నిటికి కొత్త ధరను మించి పలుకుతుంది. ఐతే వీటిలోనూ మందం రాదనుకోరాదు. 2021లో మొదలైన తేజీ 2022 తొలి నెలలలో శిఖరానికి చేరి, ఆ తరువాత దిగజారింది. పైన కొన్నవారు చిక్కుకున్నారు. పసుపు, మిర్చి చూసిన వారికి ఇది కొత్త కథ కాదు.

ఒమేగా మధ్య తరగతికి చెందినది. పనితనంలో రోలెక్సుకు తీసిపోదు. 2015 నుండి వస్తున్న మాస్టర్ క్రోనోమీటర్లు 15,000 గాస్ అయస్కాంత శక్తిని తట్టుకుంటాయి. కానీ సరుకు ధారాళంగా దొరుకుతుంది గనుక తరుగు ఎక్కువ. లాంజీన్స్, ట్యాగ్ హోయర్, టిస్సో, రాడో వాచీలకు తరుగు మరీ ఎక్కువ. గల్ఫ్ నుండి వచ్చినవారు తెచ్చే రాడోకు మన ప్రాంతంలో గౌరవం వున్నది. గీతలు పడని కేసుతో 1962లోనే పేరు తెచ్చుకున్నది. కాని గౌరవానికి డీలరు వెల కట్టడు. ఇవి పెట్టుకోవడానికి కొనవలసినవి, దాచడానికి కాదు.

తీర ప్రాంతంలో మరొక తరుగు వున్నది, ఉప్పుగాలి. మైపాడు, కృష్ణపట్నం వైపు చెరువు గట్ల మీద తిరిగే చేతికి తోలు బెల్టు చెమటకే పాడవుతుంది. బంగారు పూత అరుగుతుంది. స్టీలు కేసు, మరతో బిగించే కీ, 100 మీటర్లు లేక అంతకు మించిన నీటి నిరోధం వున్నవి మేలు. 30 మీటర్లని వ్రాసి వుంటే అంత లోతు దిగవచ్చునని అర్థం కాదు, చేతులు కడిగినపుడు పడే చినుకులకు ఓర్చుకొంటుందని మాత్రమే. లోపలి రబ్బరు సీళ్లు కాలక్రమాన గట్టిపడతాయి గనుక వాటిని అప్పుడప్పుడు పరీక్ష చేయించాలి. ఉప్పునీరు తగిలిన రోజున మంచినీటితో కడగాలి. డయల్ మీద తేమ మచ్చ పడితే డీలరు మొదట పట్టుకునేది దానినే. మెరుగు పెట్టించి తెస్తే ధర పెరుగుతుందన్నది పొరపాటు. కేసు అంచులు అరిగితే ధర తగ్గుతుంది.

మెషిన్ వాచీలకు కొన్నేళ్ల కొకసారి సర్వీసు తప్పదు. ఆ బిల్లు వేలలో వుంటుంది, దానిని కూడ కొన్న ధరకు కలపాలి.

స్వదేశీ సరుకులో ఒక చిత్రం జరిగింది. 1961లో జపాను సిటిజన్ సహకారంతో బెంగుళూరులో వాచీలు మొదలుపెట్టిన హెచ్.ఎమ్.టి. వాచీ విభాగాన్ని మూసివేయాలని 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. అప్పటి నుండి జనతా, పైలట్, కాంచన్ వంటి మోడల్స్ కోసం వెతికేవారు తయారయ్యారు. అయితే బజారులో రంగు మార్చిన డయల్, వేరే వాచీల భాగాలు అతికించిన సరుకు చాలా వున్నది. పెళ్లినాడు మామగారు పెట్టిన వాచీ ఇంట్లో అట్లాగే వుంటే దానిని బాగుచేయించే తొందర పడకపోవడం లాభం.

రానున్న కాలంలో ధరలను కదిలించేది సుంకం. స్విట్జర్లాండ్ సభ్యదేశంగా గల ఎఫ్టా కూటమితో 2024 మార్చి 10న కుదిరిన ఒప్పందం 2025 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం స్విస్ వాచీలపై 20 శాతం మూల సుంకం ఏడేళ్లలో దశలవారీగా తొలగిపోవాలి. దిగుమతి విలువ 100 అయితే దానిపై పడే 20 మెల్లగా కరుగుతుందన్న మాట. కొత్త వాచీ చవకైతే పాత వాచీ ధరకు పైకప్పు దిగుతుంది. 2024 జూలై 23న బంగారం సుంకాన్ని 15 నుండి 6 శాతానికి తగ్గించినపుడు నిలువ పెట్టుకున్నవారు అనుభవించినదే ఇది. తేడా ఏమంటే ఇక్కడ దెబ్బ విడతలుగా తగులుతుంది. మరోవైపు స్విస్ ఫ్రాంకు బలం, కంపెనీలు తరచు పెంచే ధరలు ఆ తగ్గింపును కొంతవరకు మింగవచ్చు. ధారాళంగా దొరికే మోడల్స్ విషయంలో మాత్రం తొందరపడి నిలువ చేయడానికి కారణం కనిపించదు.

2025 ఏప్రిల్ 22 నుండి 10 లక్షలు మించిన వాచీపై అమ్మకందారు ఒక శాతం టి.సి.ఎస్. వసూలు చేస్తున్నాడు. ఇది రిటర్నులో సర్దుబాటు అవుతుంది, కాని కొనుగోలు పాన్ నంబరు మీద నమోదవుతుంది. బిల్లు లేకుండా, కస్టమ్స్ కాగితం లేకుండా చేతులు మారే విదేశీ వాచీ పది, పదిహేను శాతం చవకగా వచ్చినా దానిని మళ్లీ అమ్మేనాడు అడిగే మొదటి ప్రశ్న బిల్లు గురించే. పెట్టె, వారంటీ కార్డు, సర్వీసు రసీదులు, తీసివేసిన బెల్టు లింకులు కూడ అదే సంచిలో వేసి భద్రపరచడం మంచిది.