తాతయ్య చెవి, ఇంట్లో సినిమా

సినిమా అనగానే టిక్కెట్ల కిటికీ దగ్గర తోపులాట, ఇంటర్వెల్లో గోలీసోడా గుర్తుకు వస్తాయి. కాని గడిచిన ఏడాది నేను చూసిన సినిమాలన్నీ మా ఇంటి వసారాలోనే. కారణం మా తాతయ్య. నిరుడు పొలం గట్టుమీద జారిపడి ఆయన తుంటి ఎముక విరిగింది. శనివారం కాలేజీ కాగానే బస్సెక్కి ఇంటికి పోవడం, ఆదివారం ఆయన మంచం పక్కన కూర్చుని ఒక పాత సినిమా పెట్టడం – ఇదీ నా కార్యక్రమం.

మొదట పెట్టింది 1957లో విజయా వారు తీసిన "మాయాబజార్". నాన్న ఎప్పుడో కొన్న డీవీడీ. తాతయ్య దాన్ని చిన్నతనంలో టూరింగ్ టాకీసులో నేల టిక్కెట్టు మీద నాలుగుసార్లు చూశాడట. అక్కడ మిషను ఒక్కటే. రీలు అయిపోయినప్పుడల్లా లైట్లు వేసేవారట. అంతటి మనిషి నౌకావిహారం పాట రాగానే మొహం చిట్లించి, "ఇది ఘంటసాల గొంతు కాదురా, పీలగా ఉంది. ఏదో తరుముతున్నట్టు పాడుతున్నాడు" అన్నాడు. నాయనమ్మ ఇంకో మెట్టెక్కి, "మా సావిత్రి ఇంత వెడల్పుగా ఎక్కడుండేది?" అంది. మేమంతా నవ్వాం. "నీకు చెవులు పోయాయి, అమ్మకు కళ్ళు పోయాయి" అని నాన్న తేల్చేశాడు. తాతయ్య మారుమాట్లాడలేదు. తరువాత రెండు ఆదివారాలు "నాకెందుకులే, మీరు చూడండి" అంటూ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నాకు మనసు ఒప్పలేదు. చదివేది సైన్సు కదా, సంగతేమిటో చూద్దామనుకున్నాను.

నాయనమ్మ ఫిర్యాదు తేలికగానే తేలింది. పాత సినిమా బొమ్మ ఎత్తు మూడు పాళ్ళయితే వెడల్పు సుమారు నాలుగు పాళ్ళు. ఇప్పటి టీవీ తెర ఎత్తు తొమ్మిదికి వెడల్పు పదహారు. బొమ్మను తెరనిండా సాగదీస్తే మనిషి మూడోవంతు వెడల్పు పెరుగుతాడు. సాగదీయకుండా నింపాలంటే పైనా కిందా కలిపి పావువంతు కత్తిరించాలి. నాట్యంలో పాదాలు కనపడకుండా పోతాయి. రిమోటుతో కొలత మార్చాను. రెండు పక్కలా నల్లపట్టీలు వచ్చాయి, సావిత్రి మళ్ళీ సావిత్రి అయింది.

తాతయ్య ఫిర్యాదు ఇంకా లోతైనది. మాటల సినిమా వచ్చాక ఫిల్ము సెకనుకు 24 బొమ్మల చొప్పున నడవడం స్థిరపడింది. మన దేశంలో కరెంటు 50 సైకిళ్ళు. మా బోరు మోటారు తిరిగేదీ దానిమీదే. ఆ లెక్కకు తగ్గట్టు ఇక్కడి టీవీ పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు పెట్టారు. మరి 24ను 25లో ఇమిడ్చేదెలా? సులువైన దారి, సినిమానే కాస్త వేగంగా నడిపించడం. ఎన్నో డీవీడీలు ఇలా తయారైనవే. వేగం నూటికి నాలుగు పాళ్ళు పెరుగుతుంది. మూడు గంటల సినిమా ఏడు నిమిషాలు ముందే అయిపోతుంది. ప్రత్యేకంగా సరిచేస్తే తప్ప, దాంతోపాటు శ్రుతీ పెరుగుతుంది. హార్మోనియం మీద పక్కపక్క మెట్ల మధ్య తేడా నూటికి ఆరు పాళ్ళు. అంటే పాట ముప్పావు మెట్టుకు కాస్త తక్కువగా పైకి జరిగిందన్నమాట.

ఇదంతా పుస్తకం మాట. మా డిస్కు సంగతేమిటి? అదే పాటను ఫోనులో ఇంకో కాపీలో పెట్టి, ఒకే భాగాన్ని రెండింటిలోనూ వాచీ పట్టుకుని కొలిచాను. ఫోనులో 104 సెకన్లు, డిస్కులో 100. భాగించి చూస్తే సరిగ్గా నాలుగు పాళ్ళ తేడా!

కాగితం తీసుకెళ్ళి తాతయ్యకు చూపించాను. లెక్క ఆయనకు అక్కర్లేకపోయింది. ఫోనుకు స్పీకరు తగిలించి పాట పెట్టాను. కళ్ళు మూసుకుని విన్నాడు. "ఇదీ... ఇదిరా ఘంటసాల" అన్నాడు. నాన్న ఏమీ అనలేదు. కుర్చీ తెచ్చుకుని మంచం పక్కన కూర్చున్నాడు.

ఆ రోజునుంచి తాతయ్య ఒక్క ఆదివారం కూడా గోడవైపు తిరగలేదు.

హాల్లో బొమ్మ కొలతా, వేగమూ చూసుకోవడానికి ఆపరేటరు ఉండేవాడు. ఇంట్లో ఆ ఉద్యోగం మనదే. ఆపవచ్చు, వెనక్కి తిప్పవచ్చు, రెండు కాపీలు పోల్చవచ్చు. హాల్లో ఇవేవీ కుదరవు. కాని ఏది సరైనదో చెప్పడానికి అసలును చూసిన మనిషి ఒకరు పక్కన ఉండాలి. పెద్దవాళ్ళు "అప్పట్లో ఇలా లేదురా" అన్నప్పుడు నవ్వే ముందు ఒకసారి వాచీ పట్టుకుని చూద్దాం. అది చాదస్తం కాకపోవచ్చు, పరిశీలన కావచ్చు.

– తృతీయ సంవత్సరం, బి.ఎస్సి. విద్యార్థి