కేరాఫ్ ఫైర్‌వాల్

మా కోవూరులో ఒక రైసుమిల్లు ఉందనుకోండి. అందులో పనిచేసే నలభై మందికీ ఉత్తరాలు మిల్లు పేరనే, ‘కేరాఫ్’ అని వస్తాయి. ఏది ఎవరిదో గుమాస్తా చూసి అందజేస్తాడు. ఇంటర్నెట్‌లో ఫైర్‌వాల్ చేసే చిరునామా మార్పిడి, అనగా ‘నాట్’, ఇంచుమించు ఇదే.

దీని అవసరం ఎందుకొచ్చింది? ఐ.పి. నాలుగో వెర్షన్‌లో చిరునామాకు 32 బిట్లు. కాబట్టి మొత్తం చిరునామాలు సుమారు 429 కోట్లే. లోకంలో జనాభాయే 800 కోట్లు దాటింది గదా! ఈ కరువు రాబోతున్నదని గ్రహించి ఎగెవాంగ్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు 1994 మే నెలలో ఈ ఉపాయాన్ని ఒక పత్రంలో వివరించారు.

192.168తో మొదలయ్యే చిరునామాలు ఎవరింట్లో వాళ్లు వాడుకోవచ్చు, బయట చెల్లవు. లోపలి 192.168.1.20 బయటికి కబురు పంపితే, ఫైర్‌వాల్ ఆ చిరునామా తీసేసి తనది వేస్తుంది. ఒక పోర్టు నంబరు కేటాయించి పట్టికలో రాసుకుంటుంది. జవాబు ఆ నంబరుకే వస్తుంది గనుక, పట్టిక చూసి అసలు మనిషికి చేరుస్తుంది. ఇది ‘సోర్స్ నాట్’.

రెండోది ‘డెస్టినేషన్ నాట్’. మాది సేద్యం చేసుకునే ఇల్లు గనుక పొలం ఉదాహరణే చెబుతాను. మోటారు షెడ్డులోని కెమెరాను నెల్లూరు నుంచి చూడాలంటే, ‘ఫలానా పోర్టుకు వచ్చింది 192.168.1.50కి పంపు’ అని ముందే రాసిపెట్టాలి. అయినా కనిపించకపోతే రౌటరుకున్న బయటి చిరునామా చూడండి. అది 100.64 మొదలు 100.127 లోపల ఉంటే, కనెక్షన్ ఇచ్చినవాళ్లు పైన మరో నాట్ పెట్టారన్నమాట. అప్పుడు మన రౌటరులో ఎన్ని మార్చినా ప్రయోజనం లేదు.

ఇక అసలు సంగతి. నాట్ ఉంటే చాలు, భయం లేదనుకునేవాళ్లు చాలామంది. చిరునామా మార్చడం వేరు, లోపలికి రానివ్వడం వేరు. మొదటిది గుమాస్తా పని, రెండోది వాచ్‌మన్ పని. కెమెరా కోసం తెరిచిన పోర్టును మనమే కాదు, లోకంలో ఎవరైనా తట్టవచ్చు. పాస్‌వర్డు కొన్నప్పటిదే అయితే మన పొలం అందరికీ సినిమాయే! అందుచేత ఎవరు రావచ్చో అనుమతి నియమంలో విడిగా రాయాలి. పాస్‌వర్డు మార్చాలి. పని తీరాక ఆ పోర్టు మూసేయాలి.

128 బిట్ల ఆరో వెర్షన్ మన ఫోన్లలో చాలావాటికి ఇప్పటికే వచ్చేసింది. అందులో చిరునామాలకు కరువు లేదు గనుక నాట్‌తో పనిలేదు. గుమాస్తా ఇంటికెళ్లినా ఫర్వాలేదు మిత్రులారా, వాచ్‌మన్‌ను మాత్రం పంపించకండి.