4.3 పూర్తి పరిష్కార పత్రం – తెలియని హక్కులు

పాశమైలారం పారిశ్రామికవాడలోని ఒక రసాయన పరిశ్రమను ఊహించుకోండి. 11 ఏళ్లు పనిచేసిన కార్మికుడు ఉద్యోగం మానేశాడు. యాజమాన్యం చెక్కు ఇస్తూ ఒక కాగితం మీద సంతకం తీసుకుంది: "నాకు రావలసినదంతా ముట్టింది. తెలిసినవి గాని, తెలియనివి గాని ఇక ఏ క్లెయిములూ లేవు." కొన్ని నెలలకే అతనికి బెంజీన్ వల్ల వ్యాధి సోకిందని తేలింది. మరి పరిహారం అడగవచ్చా?

సాధారణ నియమం: తనకు రావలసినదాన్ని పూర్తిగా గాని, కొంత గాని వదులుకోవడానికి 1872 భారత కాంట్రాక్టు చట్టం 63వ సెక్షన్ అనుమతిస్తుంది. అయితే మోసంతోనో, బెదిరించో తీసుకున్న సంతకాన్ని సవాలు చేయవచ్చు.

మినహాయింపు: కొన్ని హక్కులను కార్మికుడు వదులుకుంటానన్నా చట్టం ఒప్పుకోదు. పని వల్ల కలిగిన హానికి పరిహారం వదులుకునే ఒప్పందం చెల్లదని 1923 ఉద్యోగుల పరిహార చట్టం 17వ సెక్షన్ చెప్పింది. 2020 సామాజిక భద్రతా కోడ్ కూడా ఈ సూత్రాన్నే కొనసాగించింది. కాబట్టి వ్యాధి పని వల్లే వచ్చిందని రుజువైతే, ఆ సంతకం అడ్డు కాదు. అతను ఈ.ఎస్.ఐ. సభ్యుడైతే ప్రయోజనాన్ని కార్పొరేషన్ నుంచి కోరాలి.

హక్కు మిగిలినా, దాన్ని సాధించుకునే భారం కార్మికుడిదే. అందుకే సంతకానికి ముందు పద్దులవారీగా లెక్క అడగాలి, నకలు తీసుకోవాలి. "తెలియనివి" అన్న మాట కనిపిస్తే కొట్టివేయమనాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పై కార్మికుడి చెక్కులో గ్రాట్యుటీ లేదు. ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున ఎన్ని రోజుల వేతనం రావాలి? సంతకం చేసినందువల్ల ఆ హక్కు పోతుందా?