భాగం 9: చెడు సమస్య - దైవ విశ్వాసం

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తర్వాత మీరు:
- చెడు సమస్యను తార్కిక రూపంలో వివరించగలుగుతారు.
- స్వేచ్ఛా సంకల్ప వాదం, కర్మ సిద్ధాంతం ఈ సమస్యకు ఇచ్చే సమాధానాలను పరిశీలించగలుగుతారు.
- బాధకు కారణం ఉండవచ్చు అనడానికీ, కారణం ఇదే అనడానికీ గల తేడాను గుర్తించగలుగుతారు.

9.1 పరిచయం

1934 జనవరి 15న బీహార్, నేపాల్ ప్రాంతాల్లో తీవ్రమైన భూకంపం వచ్చింది. వేలాది మంది మరణించారు. అప్పుడు అస్పృశ్యతా నివారణ కోసం దక్షిణ భారతంలో పర్యటిస్తున్న గాంధీజీ, ఈ విపత్తు అంటరానితనమనే పాపానికి దేవుడు విధించిన శిక్ష అన్నారు. రవీంద్రనాథ్ ఠాగూర్ కూడా అస్పృశ్యతను వ్యతిరేకించినవారే. అయినా ఈ వివరణను ఆయన అంగీకరించలేదు. ఆయన అభ్యంతరం, గాంధీజీ సమాధానం అదే సంవత్సరం ఫిబ్రవరిలో 'హరిజన్' పత్రికలో వెలువడ్డాయి.

ఈ వివాదం ఆస్తికుడికీ నాస్తికుడికీ మధ్య జరిగింది కాదు. ఇద్దరూ దైవాన్ని నమ్మినవారే. దేవుడున్న లోకంలో ఇంత బాధ ఎందుకుందన్న ప్రశ్నకు ఎటువంటి సమాధానం చెప్పవచ్చు, ఎటువంటిది చెప్పకూడదు అన్నదే అక్కడి అసలు విషయం. ఈ భాగంలో ఆ ప్రశ్నను పరిశీలిద్దాం.

9.2 సమస్య స్వరూపం

తత్త్వవేత్తలు చెడును రెండు రకాలుగా విభజిస్తారు. హత్య, మోసం, వివక్ష వంటివి మనిషి చేసేవి. ఇవి నైతికమైన చెడు. భూకంపం, వ్యాధి, కరువు వంటివి ప్రాకృతికమైన చెడు. అయితే ఈ రెండింటి మధ్య గీత ఎప్పుడూ స్పష్టంగా ఉండదు. వాన లేకపోవడం ప్రకృతి వల్ల కావచ్చు. గోదాముల్లో ధాన్యం ఉండగా జనం ఆకలితో చనిపోవడం మనుషుల వల్ల జరిగేదే.

ఇప్పుడు క్రింది మూడు వాక్యాలను చూడండి.

(అ) దేవుడు సర్వశక్తిమంతుడు.
(ఆ) దేవుడు సంపూర్ణంగా మంచివాడు.
(ఇ) లోకంలో చెడు ఉంది.

మంచివాడు తాను తొలగించగల చెడును తొలగిస్తాడు. సర్వశక్తిమంతుడు తొలగించలేనిది ఉండదు. ఈ రెండు మాటలనూ ఒప్పుకుంటే పై మూడు వాక్యాలూ ఒకేసారి సత్యం కాలేవని జె.ఎల్. మాకీ 1955లో వాదించాడు. దీన్ని తార్కిక రూపం అంటారు. విలియం రో 1979లో మరో రూపాన్ని ముందుకు తెచ్చాడు. అడవి మంటల్లో చిక్కుకుని, ఎవరి కంటా పడకుండా, రోజుల తరబడి బాధపడి చనిపోయిన జింకపిల్లను ఊహించుకోమన్నాడు. ఆ బాధ వల్ల ఎవరికీ ఏ మేలూ కనిపించదు. ఇది దేవుడు లేడని నిరూపించదు గాని, లేడనడానికి బలమైన ఆధారం అవుతుందని అతని వాదం.

9.3 స్వేచ్ఛా సంకల్ప వాదం

తూకంలో మోసం చేసే వీలే లేని యంత్రాన్ని నిజాయితీ గలదని ఎవరూ మెచ్చుకోరు. మోసం చేసే వీలుండీ సరిగా తూచే వర్తకుణ్ణి మెచ్చుకుంటారు. నైతిక మంచికి స్వేచ్ఛ అవసరం. స్వేచ్ఛ ఉన్నచోట తప్పు చేసే అవకాశమూ ఉంటుంది. స్వేచ్ఛను ఇస్తూనే తప్పు జరగకుండా చూడడం దేవుడికి కూడా సాధ్యం కాకపోవచ్చునని ఆల్విన్ ప్లాంటింగా వాదించాడు. ఈ వాదంతో మాకీ చూపిన తార్కిక వైరుధ్యం చాలావరకు తొలగిందని అనేకమంది తత్త్వవేత్తలు అంగీకరిస్తారు.

కాని ఈ వాదం నైతిక చెడుకు సరిపోయినంతగా భూకంపానికి సరిపోదు. కష్టాల వల్లనే మనిషి వ్యక్తిత్వం పరిణతి చెందుతుందని జాన్ హిక్ చెప్పిన సమాధానం కొంత తోడ్పడుతుంది. అయితే శిథిలాల క్రింద మరణించిన పసిబిడ్డకు పరిణతి చెందే అవకాశం ఎక్కడుంది? ఇందువల్లనే హిక్ మరణానంతర జీవితాన్ని కూడా తన వాదంలో చేర్చవలసి వచ్చింది.

9.4 కర్మ సిద్ధాంతం

భారతీయ దర్శనాల్లో ఈ ప్రశ్న చాలా పాతది. జైనులు, బౌద్ధులు సృష్టికర్తను అంగీకరించలేదు కనుక వారికి ఈ సమస్య ఈ రూపంలో ఎదురుకాదు. ఈశ్వరుణ్ణి అంగీకరించిన వేదాంతులు మాత్రం సమాధానం చెప్పవలసి వచ్చింది. ఒకరిని సుఖంలోనూ మరొకరిని దుఃఖంలోనూ పుట్టించిన ఈశ్వరుడికి పక్షపాతం, నిర్దయ అనే దోషాలు అంటవా? బ్రహ్మసూత్రాల రెండవ అధ్యాయం మొదటి పాదం ఈ ఆక్షేపణను చర్చిస్తుంది. వాన అన్ని విత్తనాలకూ ఒకటే అయినా వరి విత్తు నుంచి వరి, యవల విత్తు నుంచి యవలు వస్తాయని, అలాగే జీవుల కర్మను బట్టి ఫలితాలు వేరవుతాయని శంకరాచార్యులు వివరించారు. మరి మొట్టమొదటి సృష్టికి ముందు కర్మ ఎక్కడిది? సంసారం అనాది, విత్తు-మొలకల వలె దానికి మొదలు లేదు అన్నది ఆయన సమాధానం.

ఈ సిద్ధాంతం ఈశ్వరుడిని పక్షపాత దోషం నుంచి కాపాడుతుంది. కాని ఆ భారాన్ని బాధితుడిపై పెడుతుంది. పూర్వజన్మ కర్మ అనే భావన పేదల, అణగారినవారి స్థితికి సమాజమూ రాజ్యమూ బాధ్యత తప్పించుకోవడానికి తోడ్పడుతుందని డాక్టర్ అంబేద్కర్ 'బుద్ధుడు-అతని ధమ్మం' గ్రంథంలో విమర్శించారు.

9.5 పరిశీలన

ఇప్పుడు తిరిగి బీహార్ వివాదానికి వద్దాం. ప్రకృతి విపత్తుకు ప్రకృతిలోనే కారణం ఉంటుందని ఠాగూర్ అన్నారు. మృతుల్లో పసిపిల్లలున్నారు, అస్పృశ్యులుగా వెలివేయబడినవారూ ఉన్నారు. అంటరానితనానికి బలైనవారినే ఆ పాపానికి శిక్షించడం ఏ న్యాయం? ఈ రెంటికీ సంబంధాన్ని తాను నిరూపించలేనని గాంధీజీ ఒప్పుకున్నారు. అయినా తన విశ్వాసాన్ని విడవలేదు.

ఇక్కడ మీరు గమనించవలసిన తేడా ఒకటి ఉంది. "ఈ బాధకు నాకు తెలియని కారణం ఏదో ఉండవచ్చు" అనడం వేరు. "ఈ బాధకు కారణం ఈ పాపమే" అనడం వేరు. మొదటిది విశ్వాసాన్ని నిలుపుకుంటుంది, ఎవరినీ దోషిగా నిలబెట్టదు. రెండవది సాక్ష్యం లేని తీర్పు. అయితే మొదటి మాటకూ మూల్యం ఉంది. దేవుడి ఉద్దేశాలు మనకు తెలియవంటే, మంచి జరిగినప్పుడు మాత్రం అది ఆయన దయ అని ఎలా చెప్పగలం? ఈ ప్రశ్నకు విశ్వాసి సమాధానం వెతకవలసి ఉంటుంది.

9.6 సారాంశం

దేవుడి శక్తి, మంచితనం, లోకంలోని చెడు - ఈ మూడింటినీ కలిపి అంగీకరించడంలో ఎదురయ్యేదే చెడు సమస్య. స్వేచ్ఛా సంకల్ప వాదం నైతిక చెడును కొంతవరకు వివరిస్తుంది. కర్మ సిద్ధాంతం అసమానతను వివరిస్తుంది గాని బాధితుణ్ణి బాధ్యుణ్ణి చేస్తుంది. కనుక ఏ సమాధానాన్నయినా రెండు విధాల పరీక్షించాలి: అది తర్కానికి నిలుస్తుందా? బాధపడుతున్న మనిషి ముందు నిలబడి చెప్పదగినదేనా?

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. తార్కిక రూపానికీ, రో ప్రతిపాదించిన రూపానికీ తేడా ఏమిటి?
2. శంకరాచార్యులు వాన ఉపమానంతో ఏ ఆక్షేపణకు సమాధానం చెప్పారు?
3. గాంధీజీ వివరణపై ఠాగూర్ చేసిన విమర్శతో మీరు ఏకీభవిస్తారా? కారణాలతో రాయండి.