లీడ్‌లో లోపం ఉంటే వెంటనే తీయించాలా?

2007 అక్టోబరులో మెడ్‌ట్రానిక్ కంపెనీ స్ప్రింట్ ఫిడెలిస్ లీడ్ల అమ్మకం ఆపేసింది. అప్పటికే ప్రపంచమంతటా సుమారు 2,68,000 మందికి వాటిని అమర్చారు. గుండె లయ ప్రాణాంతకంగా తప్పినప్పుడు షాక్ ఇచ్చేందుకు ఒంట్లో అమర్చే పరికరం ఐసీడీ; దాని నుంచి గుండెలోకి వెళ్లే ఈ తీగ మందం 2.2 మిల్లీమీటర్లే. కొన్నిటిలో లోపలి లోహపు తీగలు విరిగిపోతున్నాయని తేలింది. ఆ వార్త వెంటే పుట్టిన మాట ఒకటి ఇప్పటికీ రోగుల్ని వణికిస్తోంది: ‘కంపెనీయే వద్దనుకున్న లీడ్ ఒంట్లో ఉంచుకోకూడదు, తక్షణం తీయించాలి.’

ఈ మాట నమ్మితే ప్రాణాల మీదికి వస్తుంది. లీడ్ విరగడం వల్ల జరిగి ఉండొచ్చని 2009 మార్చిలో కంపెనీ చెప్పిన మరణాలు 13. అందులో 4 లీడ్‌ను బయటికి తీయబోయినప్పుడు జరిగినవి. ఏళ్లు గడిచేకొద్దీ తీగ చుట్టూ గట్టి కణజాలం పెరిగి, సిరగోడకూ గుండెగోడకూ అతుక్కుపోతుంది. దాన్ని లేజర్ వంటి పరికరాలతో విడదీస్తూ రావాలి. మధ్యలో పెద్ద సిర చిరిగితే నిమిషాల్లో ఛాతీ తెరవాల్సిందే. అమ్మకం ఆపేనాటికి కంపెనీ లెక్క ప్రకారం, అమర్చిన 30 నెలల్లో విరిగినవి 2.3 శాతం. తర్వాతి ఏళ్లలో ఆ శాతం పెరిగిన మాట నిజం. అయినా బాగా పనిచేస్తున్న తీగను భయంతో పీకించుకోవడం మాత్రం మందు కాదు.

సెయింట్ జూడ్ కంపెనీ రియాటా లీడ్లదీ ఇదే కథ. వాటి పైతొడుగు లోపలి నుంచే అరిగి, తీగలు బయటపడ్డాయి. అమెరికాలో ఔషధాలు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012లో ఎక్స్‌రే వంటి పరీక్షలు చేయించమంది. సరిగ్గా పనిచేస్తున్నవాటిని తీసేయమనలేదు.

‘కంపెనీలు లోపాల్ని చివరిదాకా బయటపెట్టవు’ అన్న అనుమానాన్ని మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేం. ఫిడెలిస్ లీడ్లు త్వరగా విఫలమవుతున్నాయని మినియాపోలిస్ వైద్యుడు రాబర్ట్ హౌజర్ బృందం 2007లోనే, అమ్మకం ఆగకముందే హెచ్చరించింది.

లీడ్ల మీద ఇంకొన్ని అపోహలూ ఉన్నాయి. మైక్రోవేవ్ ఒవెన్‌తో లీడ్ చెడదు. సెల్‌ఫోన్‌ను చొక్కా జేబులో కాకుండా, పరికరానికి 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచితే చాలు. లీడ్ విరిగితే నొప్పి తెలుస్తుందన్నదీ నిజం కాదు.

షాక్ కొట్టిందంటే గండం గడిచినట్టేనన్న నమ్మకం ఇంకా ప్రమాదం. విరిగిన తీగలో పుట్టే అలజడిని ఐసీడీ ప్రాణాంతక గుండె లయగా పొరబడుతుంది. మెలకువగా ఉన్న మనిషికి 700 వోల్టుల షాక్ వరసగా కొడుతుంది. ఒక షాక్ తగిలి బాగానే ఉన్నా డాక్టరుకు ఫోన్ చేయాలి. రెండోది తగిలితే ఆలోచించకుండా 108కి చేయాలి. ఆస్పత్రిలో పరికరం మీద అయస్కాంతం పెట్టి షాకులు ఆపగలరు. ఇంట్లో సొంతంగా ఆ పని చేయకూడదు. అయస్కాంతం ఉన్నంతసేపూ నిజమైన ప్రమాదం వచ్చినా ఐసీడీ షాక్ ఇవ్వదు.

లీడ్ పేరు, మోడల్ నంబరు ఉన్న కార్డు ఎప్పుడూ దగ్గరుండాలి. మూడు నెలలకోసారి చెకప్ అంటే మూడు నెలలకోసారి తప్పకుండా వెళ్లాలి. పరికరం బీప్ అన్నా వెంటనే వెళ్లాలి, ఆ రోజే. తీగ విరగబోయే సూచనల్ని ముందే పట్టే సాఫ్ట్‌వేర్ 2008 నుంచి ఉంది. అది తమ పరికరంలో వేశారో లేదో అడగాలి. బ్యాటరీ అయిపోయి డబ్బా మార్చేటప్పుడు పాత లీడ్‌నే కొనసాగిస్తారా, పక్కన కొత్తది వేస్తారా, పాతదాన్ని తీస్తారా అన్నది ఆపరేషన్‌కు ముందే డాక్టరుతో తేల్చుకోవాలి. తీయాల్సి వస్తే, లీడ్లు తీయడంలో అనుభవం ఉండి, గుండె సర్జన్ పక్కనే సిద్ధంగా ఉండే ఆస్పత్రికే వెళ్లాలి.