గైరాను భూమియు, గోల్ఫ్ ఆటయు

గోల్ఫ్ అనగానే అది పట్టణములలోని ధనికుల ఆట అనియు, నిత్యము నీటితో తడుపు పచ్చిక బయలు కావలెననియు మనకు తోచును. హైదరాబాదున గోలకొండ నయాఖిలాలోని మైదానమును చూచినవారు అట్లు తలచుట సహజమే. కాని ఈ ఆట పుట్టినది ఊరుమ్మడి బీడునందు. ఆ కథ తెలిసినచో పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల గుట్టల నడుమనున్న మన గైరాను భూముల విలువయు బోధపడును.

ఆట తీరు సులువు. మన చిర్రగోనె వలెనే దీనికిని కఱ్ఱ, బయలు, గురి కావలెను. చిన్న గట్టి బంతిని కఱ్ఱతో కొట్టుచు, దూరముననున్న గుంతలో పడవేయవలెను. గుంత వెడల్పు 4¼ అంగుళములు. తక్కువ దెబ్బలతో ముగించినవారు గెలుతురు. పెద్ద మైదానమున 18 గుంతలుండును. చిన్నదానికి 9 చాలును.

స్కాట్లండులోని సెంట్ ఆండ్రూస్ పట్టణమువద్ద సముద్రపుటొడ్డున సేద్యమునకు అంతగా పనికిరాని ఇసుక నేల కలదు. అచట ఆడుకొను హక్కు ఊరివారికి కలదని 1552 నాటి పత్రమొకటి అంగీకరించినది. గొఱ్ఱెలు, కుందేళ్లు మేయుటవలన గడ్డి కురచగా నుండెడిది. నీరు పెట్టువారు లేరు. నేటికిని అది ప్రజల భూమియే. 1974లో పార్లమెంటు చేసిన చట్టము ననుసరించి ఒక ట్రస్టు దానిని నిర్వహించుచున్నది. అచటి పాత మైదానమున ఆదివారములందు సాధారణముగా ఆట నాపి, జనులు నడచుటకు విడుతురు.

మన మెట్టసీమలో వాన ముఖ్యముగా జూన్ మొదలు సెప్టెంబరు వఱకే. తడిపి పెంచు పెద్ద మైదానమునకు వేసవిలో దినమునకు లక్షల లీటర్ల నీరు పట్టును. త్రాగునీటిలోని ఫ్లోరైడుతో దశాబ్దములు బాధపడిన నల్లగొండ ప్రజలకు మంచినీటి విలువ మేము చెప్పనక్కరలేదు. కావున అట్టి మైదానము మన పల్లెలకు తగదు.

అయినను గడ్డి లేకయే ఈ ఆట సాగు తావులు కలవు. ఆస్ట్రేలియా ఎడారిలోని కూబర్ పీడీ పట్టణమున ఆటగాడు చిన్న పచ్చిక ముక్కను వెంట తెచ్చుకొని, దానిపై బంతి నుంచి కొట్టును. మెట్టప్రాంతములు పెక్కింట గుంత చుట్టును ఇసుక పఱచి చదును చేయుదురు. కొందరు ఆ ఇసుకలో నూనె కలిపెడివారు. అది బావుల నీటిని చెఱచు ప్రమాదము కలదు గనుక ఆ పద్ధతి మనకు వలదు.

వానకు మొలచిన గడ్డి, దానిని మేయు గొల్ల కురుమల గొఱ్ఱెలు, కొలదిపాటి ఇసుక: చిన్న మైదానమునకు ఇవి చాలును. అయితే మందల మేపును, బాటలను, కుంటలోనికి వచ్చు వాననీటి కాలువలను అడ్డగింపరాదు. కంచె వేసినచో అది ఊరుమ్మడి గాక కొందరి సొత్తగును.

ఊరుమ్మడి భూముల ఆక్రమణలను తొలగింపవలెనని 2011 జనవరిలో సుప్రీంకోర్టు రాష్ట్రముల నాదేశించినది. 2022లో తెలంగాణ పల్లెలందు క్రీడాప్రాంగణముల ఏర్పాటు మొదలైనది. కబడ్డీయైనను, వాలీబాలైనను, గోల్ఫైనను ఏ ఆట ఆడవలెనో గ్రామసభ నిర్ణయించుకొనవచ్చును. ముందుగా గైరాను హద్దులను కొలిపించి, రాళ్లు పాతించి కాపాడుకొనవలెను. బయలు మిగిలిననే ఆట మిగులును, మంద మిగులును.