కార్యాలయ నెట్‌వర్కుల్లో యూజర్ ప్రొఫైళ్లు: నిర్వహణ, బ్యాకప్

కార్యాలయంలో ఒక కంప్యూటర్ చెడిపోతే కొత్తది కొనవచ్చు. విండోస్‌ను, వర్డ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయవచ్చు. కానీ ఆ కంప్యూటర్‌పై ఐదేళ్లు పనిచేసిన ఉద్యోగి తయారుచేసుకున్న ముసాయిదాలు, పట్టికలు, దాచుకున్న మెయిళ్లు, అమర్చుకున్న కీబోర్డు ఏ దుకాణంలోనూ దొరకవు. ఇవన్నీ ఉండే చోటే యూజర్ ప్రొఫైల్. దీనిని ఎలా నిర్వహించాలో, ఎలా కాపాడుకోవాలో ఈ పాఠభాగంలో తెలుసుకుందాం.

మన ప్రాంతపు ఉదాహరణతోనే మొదలుపెడదాం. 2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగింది. పాత వరంగల్ జిల్లా ప్రధానంగా వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జయశంకర్ భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ జిల్లాలుగా విడిపోయింది. 2019లో ములుగు వేరే జిల్లా అయింది. 2021లో అర్బన్ జిల్లా హనుమకొండగానూ, రూరల్ జిల్లా వరంగల్‌గానూ మారాయి. విభజన జరిగిన ప్రతిసారీ ఫైళ్లను, బీరువాలను, సిబ్బందిని పంచుతారు. ఇప్పుడు హనుమకొండ నుంచి భూపాలపల్లికి బదిలీ అయిన ఒక సీనియర్ అసిస్టెంటును ఊహించుకోండి. కాగితం ఫైళ్లు కట్టలు కట్టి జీపులో వెళతాయి. డిజిటల్ సంతకపు డాంగిల్ ఆయన జేబులో వెళుతుంది. ఆయన ప్రొఫైల్ మాత్రం పాత గదిలోని పాత కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది. దాని సంగతి ఎవరూ చూడకపోతే తరువాత వచ్చినవారు ‘పనికిరాని ఫోల్డర్’ అని తుడిచేస్తారు.

ప్రొఫైల్‌లో ఏముంటుంది?

విండోస్ ఎక్స్‌పీ కాలంలో ప్రొఫైళ్లు ‘డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్’ అనే ఫోల్డర్‌లో ఉండేవి. విస్టా నుంచి అవి సి డ్రైవులోని ‘యూజర్స్’ ఫోల్డర్‌లోకి మారాయి. అందులో ఒక్కొక్క వినియోగదారుకు ఒక్కొక్క ఫోల్డర్ ఉంటుంది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ అందరికీ తెలిసినవే. మామూలుగా కనిపించకుండా ‘యాప్‌డేటా’ అనే మరో ఫోల్డర్ ఉంటుంది. బ్రౌజర్ బుక్‌మార్కులు, వర్డ్ టెంప్లేట్లు, మనం నిఘంటువులో చేర్చుకున్న పదాలు ఇందులో ఉంటాయి. ‘ఎన్‌టీయూజర్ డాట్’ అనే ఫైలు కూడా ఇదే ప్రొఫైల్‌లో ఉంటుంది. ఆ వినియోగదారుకు చెందిన రిజిస్ట్రీ అమరికల్లో ఎక్కువ భాగం ఈ ఫైలులోనే ఉంటుంది.

తెలుగులో పనిచేసే కార్యాలయాలు ఫాంట్ల విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. అను ఫాంట్లతో టైపు చేసిన పాత ఉత్తరాన్ని వేరే కంప్యూటర్‌లో తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు కనిపించడం మీరు చూసే ఉంటారు. ఫైలు చెడిపోలేదు, ఫాంటు లేదు, అంతే. ఫాంట్లు సాధారణంగా విండోస్ ఫోల్డర్‌లో, అంటే ప్రొఫైల్‌కు బయట ఉంటాయి. విండోస్ 10 లో 2018 తరువాతి రూపాల నుంచి ఒక వినియోగదారుకు మాత్రమే ఇన్‌స్టాల్ చేసిన ఫాంట్లు యాప్‌డేటాలోకి వెళతాయి. కాబట్టి రెండు చోట్లా చూడాలి. డాక్యుమెంట్లు మాత్రమే కాపీ చేసి ‘బ్యాకప్ అయింది’ అనుకుంటే తెలుగు కార్యాలయంలో సగం పనే అయినట్టు.

ప్రొఫైళ్లలో రకాలు

ఒక్క కంప్యూటర్‌కే పరిమితమైనది లోకల్ ప్రొఫైల్. సర్వర్‌లో ఉండి, వినియోగదారు ఏ కంప్యూటర్‌పై లాగిన్ అయితే అక్కడికి వచ్చేది రోమింగ్ ప్రొఫైల్. వినియోగదారు చేసిన మార్పులను నిలుపుకోనిది మాండేటరీ ప్రొఫైల్. కళాశాల ల్యాబులకు ఇది సరిపోతుంది.

రోమింగ్ ప్రొఫైల్ వినడానికి బాగుంటుంది. బరువు పెరిగితే మాత్రం కష్టం. ఒక ఉద్యోగి ప్రొఫైల్ 4 గిగాబైట్లు ఉందనుకోండి. సెకనుకు 100 మెగాబిట్ల నెట్‌వర్కులో, కొత్త కంప్యూటర్‌పై మొదటిసారి లాగిన్ అయినప్పుడు అది రావడానికి, లెక్క ప్రకారమే ఐదు నిమిషాలకు పైగా పడుతుంది. ఉదయం ఇరవై మంది ఒకేసారి లాగిన్ అయితే ఆ సమయం ఎన్నో రెట్లు పెరుగుతుంది. దీనికి విరుగుడు ఫోల్డర్ రీడైరెక్షన్. డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ ఫోల్డర్లను నేరుగా సర్వర్‌లోనే ఉంచితే లాగిన్ సమయంలో చిన్న అమరికలు మాత్రమే ప్రయాణిస్తాయి. మరో చిక్కు కూడా ఉంది. విండోస్ 7 రోమింగ్ ప్రొఫైల్ ఫోల్డర్ పేరు చివర ‘వీ2’ అనీ, విండోస్ 10 కొత్త రూపాల్లో ‘వీ6’ అనీ చేరుతుంది. ఒకదాని అమరికలు మరొకదానికి రావు. పాత, కొత్త కంప్యూటర్లు కలిసి ఉన్న కార్యాలయంలో ‘నా డెస్క్‌టాప్ మారిపోయింది’ అనే ఫిర్యాదుకు తరచుగా కారణం ఇదే.

చిన్న కార్యాలయాల్లో ఇవేవీ ఉండవు. ముగ్గురు గుమాస్తాలు ‘అడ్మిన్’ అనే ఒకే ఖాతాతో, ఒకే పాస్‌వర్డ్‌తో పనిచేస్తుంటారు. ఆ పాస్‌వర్డ్ మానిటర్‌కు అతికించిన చీటీ మీదే ఉంటుంది. ఇది అలసత్వమే కాదు, ప్రమాదం కూడా. ఒక పింఛను ప్రతిపాదన మాయమైతే ఎవరు తొలగించారో చెప్పే వీలు ఉండదు. నింద మాత్రం ఆ రోజు కుర్చీలో ఉన్నవారిపై పడుతుంది. ఒక్కొక్కరికి ఒక్కొక్క ఖాతా తెరవడానికి ఖర్చేమీ లేదు.

ప్రొఫైల్ దెబ్బతిన్నప్పుడు

కంప్యూటర్ నడుస్తుండగా కరెంటు పోతే ఎన్‌టీయూజర్ ఫైలు పాడయ్యే అవకాశం ఉంది. తరువాత లాగిన్ అయితే ఖాళీ డెస్క్‌టాప్ వస్తుంది. తాత్కాలిక ప్రొఫైల్‌తో లాగిన్ అయ్యారని ఒక మూల సందేశం కనిపిస్తుంది. చాలామంది దాన్ని పట్టించుకోకుండా పని మొదలుపెడతారు. సైన్ అవుట్ కాగానే ఆ తాత్కాలిక ప్రొఫైల్, అందులో దాచిన పనితో సహా తుడిచిపెట్టుకుపోతుంది. అందువల్ల ఆ సందేశం చూడగానే పని ఆపాలి. వేరే అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో లోపలికి వెళ్లి, పాత ఫోల్డర్‌ను ముందు బయటి డిస్కుకు కాపీ చేయాలి. మరమ్మతు ఆ తరువాతే. చాలా సందర్భాల్లో పాత ఫైళ్లు ‘యూజర్స్’లో భద్రంగానే ఉంటాయి.

ప్రొఫైల్‌ను తొలగించవలసి వస్తే ఫోల్డర్‌ను నేరుగా తుడిచేయకూడదు. రిజిస్ట్రీలోని ప్రొఫైళ్ల జాబితాలో దాని పేరు మిగిలిపోయి, ఆ ఉద్యోగి మళ్లీ లాగిన్ అయినప్పుడు ఇదే తాత్కాలిక ప్రొఫైల్ సమస్య వస్తుంది. సిస్టమ్ ప్రాపర్టీస్‌లోని యూజర్ ప్రొఫైల్స్ విభాగం నుంచే తొలగించాలి.

బ్యాకప్

రోమింగ్ ప్రొఫైల్ బ్యాకప్ కాదు. సర్వర్‌లో నకలు ఉంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. కానీ వినియోగదారు తుడిచేసిన ఫైలు సర్వర్‌లోనూ తుడిచిపోతుంది. రాన్సమ్‌వేర్ తాళం వేసిన ఫైలు, తాళంతోనే సర్వర్‌కు చేరుతుంది. 2017 మే నెలలో వానాక్రై ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లను తాకింది. 2019 ఏప్రిల్ చివర్లో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థలపై రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. వాటిలో హనుమకొండ కేంద్రంగా ఉన్న ఉత్తర మండల సంస్థ కూడా ఉంది. కాబట్టి ఇది దూరదేశపు ముచ్చట కాదు. కాపీ అయ్యాక నెట్‌వర్కు నుంచి విడదీసి, వేరుగా ఉంచిన నకలు ఒక్కటైనా ఉండాలి.

ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఇక్కడ బాగా పనికివస్తుంది. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట. ఆ చివరి మాటను వరంగల్ వాసులకు విడమరచి చెప్పనక్కరలేదు. 2020 ఆగస్టులో, 2023 జూలైలో వరంగల్, హనుమకొండ కాలనీల్లోకి వరదనీరు వచ్చింది. సర్వర్, బ్యాకప్ డిస్కు రెండూ కింది అంతస్తులోని ఒకే బీరువాలో ఉంటే అవి రెండు ప్రతులు అనిపించుకోవు.

కాపీ చేసేటప్పుడు, వినియోగదారు లాగిన్ అయి ఉంటే ఎన్‌టీయూజర్ ఫైలు, ఔట్‌లుక్ తెరిచి ఉంటే మెయిల్ ఫైలు మామూలు కాపీకి లొంగవు. రాత్రివేళ, అందరూ సైన్ అవుట్ అయ్యాక చేయాలి. లేదా షాడో కాపీ సదుపాయం ఉన్న సాఫ్ట్‌వేర్ వాడాలి. రోబోకాపీ ఉచితంగా విండోస్‌తోనే వస్తుంది. అయితే దాని ‘మిర్రర్’ ఎంపిక మూలంలో లేని ఫైళ్లను గమ్యంలోనూ తుడిచేస్తుంది. మూలం, గమ్యం తారుమారైతే బ్యాకప్ మొత్తం పోతుంది. బ్రౌజర్ దాచిన పాస్‌వర్డ్‌లు మరో సంగతి. వాటిని విండోస్ ఆ వినియోగదారు ఖాతాకు ముడిపెట్టి సంకేతీకరిస్తుంది. ఫోల్డర్‌ను వేరే ఖాతాలోకి కాపీ చేసినా అవి సాధారణంగా తెరుచుకోవు. ముఖ్యమైన పాస్‌వర్డ్‌లను ముందే వేరుగా భద్రపరచాలి.

ఉద్యోగి బదిలీ అయినా, పదవీ విరమణ చేసినా ఖాతాను వెంటనే తొలగించకుండా నిలిపివేయండి. ప్రొఫైల్‌లోని కార్యాలయ పత్రాలను, బాధ్యతలు స్వీకరించే వ్యక్తి సమక్షంలో ఉమ్మడి ఫోల్డర్‌కు మార్చి, ఆ విషయాన్ని చార్జి అప్పగింత జాబితాలో ఒక వరుసగా రాయండి. వ్యక్తిగత ఫైళ్లను ఆయనకే ఇచ్చేయాలి.

అభ్యాసం: మీ కార్యాలయంలోగానీ, అధ్యయన కేంద్రంలోగానీ అనుమతి తీసుకుని ఒక ప్రొఫైల్ బ్యాకప్‌ను వేరే కంప్యూటర్‌పై పునరుద్ధరించండి. ఒక తెలుగు ఉత్తరం, ఒక ఎక్సెల్ పట్టిక, ఒక పాత మెయిల్ తెరిచి చూడండి. వీటిలో ఏది తెరుచుకోలేదో, దానికి కారణం ఏమిటో పది వాక్యాల్లో రాయండి.